యెజ్డీ జెండా దించి ఆర్‌ఎక్స్ జెండా ఎత్తిన రోజులు

కోనసీమలో 1980ల మొదట్లో బళ్ల విషయంలో రెండే పార్టీలు: బుల్లెట్ పార్టీ, యెజ్డీ పార్టీ. పదెకరాల పైన పొలం ఉండి, తొందరేమీ లేని పెద్దలది మొదటిది. కాలేజీ కుర్రాళ్లు, కొబ్బరి దింపు లెక్కలు చూసుకునే పడుచు రైతులు, అమలాపురం నుంచి రాజోలు దాకా రోజూ తిరిగే ఏజెంట్లు రెండో పార్టీ. మధ్యలో రాజ్‌దూత్ 175 కూడా ఉండేది గానీ దానికి పార్టీ లేదు. పాలక్యాన్లు కట్టుకోవడానికి కొనేవారే తప్ప, దాని తరఫున టీకొట్టు దగ్గర గొంతు చించుకున్నవాళ్లు కనపడరు.

మైసూరులో ఐడియల్ జావా వాళ్లు 1961 నుంచి చెకొస్లొవేకియా జావాలను తయారుచేసేవారు. 1973 ప్రాంతంలో బండికి యెజ్డీ అని పేరు పెట్టారు. మా వైపు పెద్దవాళ్లు ఆ తరవాత కూడా చాన్నాళ్లు దాన్ని జావా అనే అన్నారు. 1978లో రోడ్‌కింగ్ వచ్చాక కుర్రకారు పూర్తిగా దాని వశమైపోయారు. ఒకే సిలిండర్‌కు రెండు సైలెన్సర్లు. గేరు రాడ్డే కిక్కు రాడ్డు: ఎడమ పక్కనున్న రాడ్డును లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు, స్టార్టయ్యాక కిందికి దించితే గేరు. కొత్తవాడి చేతికి ఇస్తే కిక్కు ఎక్కడుందో వెతుక్కోవడం చూడ్డానికే చుట్టూ జనం మూగేవారు.

1985 చివర్లో ఎస్కార్ట్స్ వాళ్ల యమహా ఆర్‌ఎక్స్ 100 దిగింది. ఐదారేళ్లు తిరిగేసరికి యెజ్డీ పార్టీ సగం ఖాళీ. పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చింది కూడా 1985లోనే, పాపం అది బళ్లకు వర్తించలేదు.

ఎందుకు మారారని ఇప్పుడు ఎవర్నడిగినా "పికప్ అండీ, పికప్" అంటారు. కాగితం మీద లెక్కేసి చూడండి. రోడ్‌కింగ్ 250 సీసీ, 16 హార్స్‌పవర్, బరువు సుమారు 140 కిలోలు. ఆర్‌ఎక్స్ 98 సీసీ, 11 హార్స్‌పవర్, 103 కిలోలు. వంద కిలోలకు యెజ్డీకి 11.4 హార్స్‌పవర్, ఆర్‌ఎక్స్‌కు 10.7. పైన డెబ్బై కిలోల మనిషి ఎక్కితే తేడా ఇంకా పెరుగుతుంది: 7.6, 6.4. లెక్క ప్రకారం యెజ్డీయే గెలవాలి. నిజానికి రావులపాలెం దాటి హైవే ఎక్కితే గెలిచేది కూడా.

ఆర్‌ఎక్స్ చురుకు వేరే చోటుంది. యెజ్డీ బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) 65 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 75. పొడవాటి స్ట్రోకు, బరువైన ఫ్లైవీలు, 4750 ఆర్‌పీఎం దగ్గరే పూర్తి శక్తి. ఆర్‌ఎక్స్‌లో బోరూ స్ట్రోకూ రెండూ 50, పూర్తి శక్తి 7500 దగ్గర. దానికి తోడు కార్బురేటర్‌కూ ఇంజిన్‌కూ మధ్య రీడ్ వాల్వు. లోపలికెళ్లిన మిశ్రమాన్ని అది వెనక్కి రానివ్వదు కాబట్టి తక్కువ వేగంలో కూడా యాక్సిలరేటర్ తిప్పగానే ఇంజిన్ అందుకుంటుంది. యెజ్డీలో ఆ పని పిస్టనే చేస్తుంది, నిదానంగా తిరిగేటప్పుడు కొంత మిశ్రమం కార్బురేటర్ వైపు తిరిగొస్తుంది. కాలవగట్టు రోడ్డు మీద పావు కిలోమీటరుకో మలుపు, అరకిలోమీటరుకో గేదెల మంద. అక్కడ పనికొచ్చేది ముప్పై నుంచి యాభైకి అందుకోవడమే. ఆ మేరకు పికప్ మాట ఒప్పుకోవచ్చు.

కానీ పార్టీ మార్పించింది ప్రధానంగా మన సీమ నీళ్లు. పాయింట్లలో (ప్లగ్గుకు రవ్వ పంపే కరెంటును కలిపి విడదీసే రెండు బిళ్లలు) చేరే తేమ, పంటు (రేవు దాటించే పెద్ద పడవ) ఎక్కించాల్సిన బరువు, వరదలో మునిగిన బండిని మళ్లీ లేపడం: ఈ మూడు చోట్లా యెజ్డీ చాకిరీ అడిగేది, ఆర్‌ఎక్స్ అంత అడిగేది కాదు.

పాయింట్ల సంగతే చూద్దాం. పాత జావా, యెజ్డీల్లో కుడి కవరు కింద క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) చివర డైనమో, దాని పక్కనే పాయింట్లు, వాటి దగ్గర రవ్వలు లేవకుండా చూసే కండెన్సర్. బ్యాటరీ ఆరు వోల్టులది. రెండు పాయింట్ల మధ్య సందు 0.4 మిల్లీమీటర్లు ఉండాలి. షెడ్డులో ఫీలర్ గేజి ఉంటే సరే, దారిలో ఆగిపోతే గడ్డం గీసుకునే బ్లేడ్లే గేజి. ఒక బ్లేడు మందం 0.1 మిల్లీమీటరు, నాలుగు కలిపి పెడితే సరిపోతుంది. సైడ్ బాక్సులో కొత్త బ్లేడ్ల ప్యాకెట్టు ఉందంటే ఆ బండి ఆసామికి పని తెలుసన్నమాట.

పాయింట్లకు ఉండే జబ్బులు మూడు. మొదటిది తేమ. కార్తీక మాసంలో రాత్రంతా బండి బయటుంటే తెల్లారేసరికి పాయింట్ల ముఖాల మీద సన్నటి తుప్పు పొర కడుతుంది. ఎన్నిసార్లు తన్నినా ప్లగ్గులో రవ్వ రాదు. నున్నటి ఎమరీ కాగితంతో ఒకటి రెండుసార్లు రుద్ది, ఆ పొడి పోయేలా పొడి పోస్టుకార్డు ముక్కను మధ్యలో పెట్టి లాగాలి. గుడ్డతో తుడిస్తే దారప్పోగు ఇరుక్కుని మళ్లీ మొదటికొస్తుంది. రెండోది కండెన్సర్ పోవడం. అప్పుడు పాయింట్ల దగ్గర నీలి రవ్వలు పెద్దవిగా కనిపిస్తాయి, ఒక పాయింటు మీద గుట్ట, రెండో దాని మీద గుంట పడుతుంది. అది గీకి లాభం లేదు, కండెన్సర్ మార్చాల్సిందే. మూడోది కనపడని జబ్బు. క్యామ్ మీద ఆనే ఫైబర్ ముక్క గ్రీజు లేక అరిగేకొద్దీ సందు తగ్గుతుంది, టైమింగు, అంటే ప్లగ్గులో రవ్వ పడే సమయం, వెనకబడుతుంది, బండి ఈడ్చుకుపోతూ ఇంజిన్ వేడెక్కుతుంది. చాలామంది దీనికి కార్బురేటర్ విప్పేవారు, డబ్బు దండగ.

టైమింగు తప్పి, కిక్కు కూడా సగంలో వదిలేస్తే ఇంజిన్ ఒక్కోసారి ఉల్టా దిశలో స్టార్టయ్యేది. టూ స్ట్రోకులో పిస్టనే తలుపుల పని చేస్తుంది కాబట్టి ఎటు తిరిగినా ఇంజిన్ నడుస్తుంది. ఫస్టు గేరు వేసి క్లచ్ వదిలితే బండి వెనక్కి పోతుంది. తెలిసినవాళ్లు ఆపేసి మళ్లీ తన్నేవారు, తెలియనివాళ్లు వెనకున్న కొట్టు బల్లకు క్షమాపణ చెప్పుకునేవారు.

ఆర్‌ఎక్స్‌లో పాయింట్లు లేవు. ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించే పన్నెండు వోల్టుల మాగ్నెటో, పాయింట్ల పనిని ఎలక్ట్రానిక్‌గా చేసే సీడీఐ పెట్టె. సర్దడానికి ఏమీ లేదు, అరగడానికి ఏమీ లేదు, మంచుకు ముడుచుకునేదీ లేదు. స్టార్టు కావడానికి బ్యాటరీ కూడా అక్కర్లేదు. జనవరి పొద్దున నాలుగింటికి పందెం కోడిని చంకలో పెట్టుకుని బయల్దేరేవాడికి ఇంతకంటే ఏం కావాలి? ఒకటే ఇబ్బంది, సీడీఐ పోతే చెప్పి పోదు, దారిలో బ్లేడుతో బాగయ్యేది కాదు. తోసుకుంటూ ఇంటికి రావడమే.

తరవాత బరువు. ఇప్పుడు చాలా చోట్ల వంతెనలు వచ్చేశాయి గానీ, అప్పట్లో రావులపాలెం హైవే వైపు తప్ప కోనసీమలోంచి చాలా పక్కలకు కదలాలంటే ఏదో ఒక రేవు దాటాల్సిందే. ముక్తేశ్వరం నుంచి కోటిపల్లి, సఖినేటిపల్లి నుంచి నరసాపురం, ఎదుర్లంక నుంచి యానాం. ఎదుర్లంక దగ్గర వంతెన 2002లో గానీ రాలేదు. ఒడ్డుకీ పంటుకీ మధ్య రెండు బల్లలు వేస్తారు. ఆటుపోట్లను బట్టి ఆ బల్లల వాలు మారుతుంది, ఆటులో అయితే నిలువుగా ఎక్కినట్టే. యెజ్డీని ఎక్కించడానికి ఇంజిన్ ఆపకుండా ఫస్టు గేరులో సగం క్లచ్ మీద నడిపిస్తూ పక్కన నడవాలి, వెనక ఇద్దరు తోయాలి. బల్ల మీద బురద ఉంటే వెనక చక్రం జారి 140 కిలోలూ నది వైపు వాలుతుంది. ఆర్‌ఎక్స్‌ను ఒక్కడు తోసి, ఇంకొకడు హ్యాండిల్ పట్టుకుంటే చాలు. పంటు మీద ఏ బండికైనా చేయాల్సిన పనులు రెండున్నాయి, చాలామంది మర్చిపోయేవి కూడా ఇవే: పెట్రోలు ట్యాప్ కట్టేయడం, ఇంజిన్ ఆపి గేరులో ఉంచడం. ట్యాప్ తెరిచి ఉంటే బండి ఒరిగినప్పుడు కార్బురేటర్ గిన్నెలోంచి పెట్రోలు పొర్లుతుంది, అవతలి ఒడ్డున ప్లగ్గు తడిసిపోయి ఎంత తన్నినా స్టార్టు కాదు. న్యూట్రల్‌లో ఉంటే బండి జారి పక్కవాళ్ల సైకిళ్ల మీద పడుతుంది.

1986 ఆగస్టు వరద వచ్చేనాటికి ఆర్‌ఎక్స్ మన ఊళ్లలో ఇంకా కొత్తే. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. లంకల్లోనూ ఏటిగట్టు తెగిన ఊళ్లలోనూ బళ్లు నిలువునా మునిగాయి. మెకానిక్ షెడ్ల దగ్గర జనానికి రెండు బళ్ల మధ్య తేడా బాగా తెలిసొచ్చిన కాలం అది. మునిగిన టూ స్ట్రోకు బండిని లేపే పద్ధతి ఇప్పటికీ అదే, తెలిసి ఉండడం మంచిది.

ముందు కిక్కు ముట్టుకోకూడదు. నీళ్లు నలగవు కాబట్టి సిలిండర్లో నీళ్లుండగా తన్నితే ఆ దెబ్బ కనెక్టింగ్ రాడ్డు మీదో కిక్కు పళ్ల మీదో పడుతుంది. ప్లగ్గు పీకి, ట్యాంకూ కార్బురేటర్ గిన్నే ఖాళీ చేసి, నలుగురు కలిసి బండిని తలకిందులుగా పట్టుకోవాలి. మూడో గేరులో పెట్టి వెనక చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పితే క్రాంక్ కేసులో ఉన్న నీళ్లు ప్లగ్గు రంధ్రంలోంచి కారతాయి. అసలు ప్రాణం ఉన్నది అక్కడే. టూ స్ట్రోకులో క్రాంక్ బేరింగులకు వేరే ఆయిల్ ఉండదు, పెట్రోలుతో వచ్చేదే వాటికి ఆధారం. ఆ నీళ్లు రెండు రోజులు లోపలుంటే బేరింగులు తుప్పు పట్టి, బండి స్టార్టయినా నెల తిరక్కుండా గర్రుమని అరుస్తాయి. నీళ్లు పోయాక సగం పెట్రోలు, సగం ఆయిల్ కలిపి ఇన్‌లెట్ వైపు నుంచీ ప్లగ్గు రంధ్రంలోంచీ కొంచెం పోసి మళ్లీ తిప్పాలి. గేరు ఆయిల్ తీస్తే పాలు కలిపిన టీ రంగులో వస్తుంది, అది మార్చాలి. ఆర్‌ఎక్స్‌కు సుమారు 600 మిల్లీలీటర్లు పడుతుంది. పది నిమిషాలు నడిపి మళ్లీ తీసి కొత్తది పోయాలి, మొదటిసారి తీసినప్పుడు క్లచ్ పలకల మధ్య నీళ్లు పోవు. సైలెన్సర్‌లో నిలిచిన నీళ్లు ఒంపడం చివరి పని. ఇది మర్చిపోయి కార్బురేటర్‌ను తిట్టినవాళ్లు బోలెడు మంది. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పునీరు అయితే వీటన్నిటికంటే ముందు మంచినీళ్లతో కడగాలి.

ఇంతవరకు రెండు బళ్లకూ ఒకటే చాకిరీ. కరెంటు పని దగ్గరికొచ్చేసరికి ఆర్‌ఎక్స్ మాగ్నెటో కవరు విప్పి, కడిగి, ఎండలో ఆరబెడితే చాలావరకు పని అయిపోయేది. యెజ్డీకి పాయింట్లు, కండెన్సర్, డైనమో కార్బన్ బ్రష్షులు, రెగ్యులేటర్, బ్యాటరీ, ఒక్కొక్కటీ చూసుకోవాలి. ఒక బండి ఆ సాయంత్రమే ఇంటికి పోయింది, రెండోది కాకినాడ నుంచి సామాను వచ్చేదాకా షెడ్డులో నిలబడింది.

ఇక ఆయిల్ కలపడం. యెజ్డీకి పాతకాలపు లెక్క ఇరవై పాళ్ల పెట్రోలుకు ఒక పాలు ఆయిల్, అంటే ఐదు లీటర్లకు 250 మిల్లీలీటర్లు. ఇంజిన్ నలిగాక కొందరు 200కి దిగేవారు. టూటీ ఆయిల్ (టూ స్ట్రోకు బళ్ల కోసమే చేసిన ఆయిల్) అన్ని బంకుల్లో దొరకని రోజుల్లో 40 నంబరు ఇంజిన్ ఆయిలే పోసేవారు. అది చిక్కన, తేలిగ్గా కలవదు. ముందు ఆయిల్ పోసి దాని మీద పెట్రోలు పోస్తే ఆ వేగానికి కలుస్తుంది. తిరగేస్తే అడుగున దిగి, ట్యాప్ తెరవగానే ముందు ఆయిలే కార్బురేటర్‌లోకి పోతుంది. రాత్రంతా నిలబెట్టిన బండిని పొద్దున్నే అటూ ఇటూ ఊపేవారు చూడండి, అది ఇందుకే. ఆయిల్ ఎక్కువైతే ప్లగ్గు మూసుకుపోవడం, సైలెన్సర్లు మసిబారడం. తక్కువైతే పిస్టన్ పట్టేయడం.

మసిబారిన సైలెన్సర్ బాగుచేయడంలో మాత్రం కోనసీమ వాళ్లను మించినవాళ్లు లేరు. వెనక స్క్రూ తీసి లోపలి గొట్టాన్ని లాగి, కొబ్బరి డొక్కల మంటలో పడేసేవారు. మసి ఎర్రగా రగిలి ఆరిపోయాక, వేడి మీద నీళ్లు పోయకుండా దానంతట అది చల్లారనిచ్చి, తట్టి, తీగ బ్రష్షుతో గీకి, డీజిల్ గుడ్డతో తుడిచేవారు. సిలిండర్ పోర్టు దగ్గర మసిని చెక్క ముక్కతోనే గీకాలి, స్క్రూడ్రైవర్ పెడితే పిస్టన్ మీద గీత పడుతుంది. ఆర్‌ఎక్స్‌కూ ఇదే వైద్యం. మోత కోసం ఆ గొట్టాన్ని పూర్తిగా పీకి పారేసే పిచ్చి ఆర్‌ఎక్స్‌తోనే బాగా ముదిరింది. దానివల్ల మోత పెరుగుతుంది, కింది వేగంలో లాగుడు తగ్గుతుంది, కార్బురేటర్‌లో పెట్రోలు వదిలే మెయిన్ జెట్టు మార్చకపోతే మిశ్రమం పలచబడి ఇంజిన్ వేడెక్కుతుంది. ఇంత ఖర్చు పెట్టి బండిని పాడుచేసుకోవడం ఒక సరదా.

ఆర్‌ఎక్స్‌లో ఆయిల్‌కు వేరే డబ్బా, ఇంజిన్‌తో తిరిగే పంపు. యాక్సిలరేటర్ తిప్పినకొద్దీ పంపు ఎక్కువ ఆయిల్ ఇస్తుంది. బంకులో కొలత గిన్నెలు, బండి ఊపుడు, చేతులకు జిడ్డు, అన్నీ పోయాయి. పార్టీ మారినవాళ్లను కొత్తలో దెబ్బకొట్టిందీ ఇదే. ట్యాంకులో పెట్రోలు నింపితే ఆయిల్ కూడా వచ్చేసినట్టే అనుకునే అలవాటు కదా. పట్టేసిన బండి షెడ్డుకొస్తే సంభాషణ ఇలా సాగేది:

"ఆయిలుందాండీ?"

"ఫుల్లుగా ఉందండి, నిన్ననే ఐదు లీటర్లు కొట్టించాను."

"ఆయ్, అది పెట్రోలండి. నేనడిగేది సైడు డబ్బాలో ఆయిలండి."

ఆ తరవాత సిలిండర్ బోరు చేయించి 0.25 మిల్లీమీటర్ల ఓవర్‌సైజు పిస్టన్ వేయడమే. ఇంకా అరిగితే 0.50, 0.75, ఆఖరిది 1.00. అంతటితో సిలిండర్ ఆయుష్షు అయిపోయినట్టు.

డబ్బా ఒకసారి ఖాళీ అయితే మళ్లీ పోయగానే సరిపోదు, గొట్టంలో గాలి బుడగలు ఉండిపోతాయి. పంపు మీది చిన్న బ్లీడు స్క్రూ తీసి, బుడగలు ఆగి ఆయిల్ ధారగా వచ్చేదాకా వదలాలి. ఇది చేసిన రోజు ట్యాంకులో కూడా లీటరుకు 20 మిల్లీలీటర్ల చొప్పున ఆయిల్ కలిపితే నిశ్చింత. పాతబడ్డ పంపులో లోపలి చెక్ వాల్వు కారి, బండి నిలబడి ఉండగానే ఆయిల్ ఇంజిన్‌లోకి దిగుతుంది. పొద్దున స్టార్టు చేయగానే వీధంతా పొగ. అదే పొగ ఎంతదూరం నడిపినా తగ్గక, గేరు ఆయిల్ తగ్గుతూ వస్తుంటే తప్పు పంపుది కాదు, క్లచ్ వైపు క్రాంక్ సీలుది. మాగ్నెటో వైపు సీలు పోతే పొగ రాదు, గాలి పీల్చుకుంటుంది. యాక్సిలరేటర్ వదిలేసినా ఇంజిన్ రెయ్‌మని తిరుగుతూనే ఉంటుంది. అలాగే నడిపితే పిస్టన్ పోతుంది.

బరువులు మోయడంలో మాత్రం ఆర్‌ఎక్స్ యెజ్డీకి సాటి కాలేదు. 75 కిలోల ధాన్యం బస్తా వెనక కట్టుకుని గట్టెక్కాలంటే యెజ్డీయే. ఆర్‌ఎక్స్ ముందు టైరు రెండున్నర అంగుళాలే, లంక ఇసకలో దిగబడేది. వెనక ఫోర్కు బుష్షులు బరువుకు త్వరగా అరిగి, బండి నడుము ఊగేది. అందుకే చాలా ఇళ్లలో పార్టీ మారినా పాత నాయకుణ్ణి బయటికి పంపలేదు. కొడుకు ఆర్‌ఎక్స్ మీద కాలేజీకి, తండ్రి యెజ్డీ మీద చేనుకి.

రెండింటి కథా ఒకే ఏడాది ముగిసింది. పొగ నిబంధనలు బిగుసుకోవడంతో 1996 మార్చిలో ఆర్‌ఎక్స్ 100 ఆగిపోయింది. మైసూరు ఫ్యాక్టరీ కూడా 1996లోనే మూతపడింది. ఆ నవంబరు 6న వచ్చిన తుపాను కోనసీమ కొబ్బరిని పడగొట్టింది, మళ్లీ తోటలు కాపుకొచ్చేసరికి ఊళ్లన్నీ ఫోర్ స్ట్రోకు హీరో హోండాలతో నిండిపోయాయి. వాటికి జెండా పట్టినవాళ్లు లేరు, మైలేజీ లెక్క చెప్పి ఊరుకునేవారు.

ఇప్పుడు ఆర్‌ఎక్స్ 100 కొనాలని భీమవరం నుంచి బెంగళూరు దాకా తిరుగుతున్న కుర్రాళ్లు ముందు ఇంజిన్, ఛాసిస్ నంబర్లు చూడాలి. రెండూ 1ఎల్1తో మొదలవ్వాలి, ఆర్‌సీ పుస్తకంతో కలవాలి. నంబరు చెక్కిన చోట అరగదీసిన గుర్తులుంటే బేరమే వద్దు. సిలిండర్ ఎన్నో ఓవర్‌సైజులో ఉందో అడగాలి. రీడ్ వాల్వు విప్పించి వెలుతురుకు పట్టి చూడాలి, రేకులు సీటుకు అతుక్కుని ఉండాలి, అంచు చిట్లి ఉంటే బండి ఐడిలింగులో నిలవదు.

ఇంకో సంగతి. పాత పంపును నమ్మలేక చాలామంది ఆర్‌ఎక్స్ ఆసాములు దాన్ని పీకేసి, మళ్లీ చేత్తోనే పెట్రోలులో ఆయిల్ కలుపుకుంటున్నారు. నాటి యెజ్డీ పార్టీ వాళ్లు ఇది వింటే తెగ సంబరపడతారు. కలిపేవాళ్లు మంచి టూటీ ఆయిల్ లీటరు పెట్రోలుకు 25 నుంచి 30 మిల్లీలీటర్లు వేసుకోవచ్చు. పంపు ఉన్న చోట రేకు బిళ్ల బిగించి గాస్కెట్ వేయాలి. ఆయిల్ గొట్టం ఇంజిన్ వైపు చేరే రంధ్రాన్ని కూడా గట్టిగా మూసేయాలి. గొట్టం కోసి వదిలేస్తే ఆ రంధ్రంలోంచి గాలి లోపలికి పోతుంది, ఆయిల్ ఎంత కలిపినా పిస్టన్ పట్టేస్తుంది.